వెనక వైపు చూపించమ్మా

మన 1986 పదో తరగతి బ్యాచ్ నలభై ఏళ్ళ కలయికకు తెస్తున్న సంచిక కోసం రెండు పేజీలు రాసి పంపమని నిర్వాహక సంఘం తరఫున పదకొండో నంబరు ఫోన్ చేసినప్పుడు, ఏం రాయాలన్న సందేహం నాకు క్షణమైనా కలగలేదు. లెక్కల మాస్టారి గురించి ఎలాగూ ముగ్గురు నలుగురు రాస్తారు, వేపచెట్టు గురించి పంతొమ్మిది రాయకుండా ఉండలేదు. నేను కుట్టు టీచరు గారి గురించే రాస్తాను. మనల్ని ఏనాడూ పేర్లతో పిలవని ఆవిడ గురించి రాసేటప్పుడు మిమ్మల్నీ రోల్ నంబర్లతో పిలవడమే సబబని నాకు తోచింది.

శనివారం ఆఖరి రెండు పీరియడ్లు మెట్ల వెనక గదిలో గడిచేవి. నాలుగు మిషన్లలో రెండే నడిచేవి. మూలనున్న మూడో మిషను సంగతి మీకు తెలియనిది కాదు. ఆరు పోగుల దారంలో నుంచి రెండు పోగులను చిక్కుపడకుండా విడదీయడంతో మొదలుపెట్టి కాడ కుట్టు, గొలుసు కుట్టు, కాజా కుట్టు దాకా ఆవిడ నేర్పిన వరుస ఇప్పటికీ నా వేళ్ళకు గుర్తుంది. కుట్టినది పట్టుకుని బల్ల దగ్గరకు వెళితే, ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని “వెనక వైపు చూపించమ్మా” అనేవారు. ముందు వైపు పువ్వు ఎంత ముద్దుగా విచ్చుకున్నా సరే, వెనక లావుపాటి ముడులూ, ఒక పువ్వు మీద నుంచి ఇంకో పువ్వు మీదకు దూకిన పొడుగాటి దారాలూ కనిపిస్తే, ఆ గుడ్డ మారుమాట లేకుండా మన చేతికి తిరిగి వచ్చేసేది.

తొమ్మిదో తరగతిలో మనల్ని హైదరాబాదులో ఏటా జరిగే పెద్ద ప్రదర్శన నుమాయిష్‌కు తీసుకువెళ్ళిన రోజు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన మొట్టమొదటి నుమాయిష్‌ను తమ అమ్మగారు చూశారని టీచరు గారు నాంపల్లి చేరేదాకా చెబుతూనే వచ్చారు. మీరంతా జెయింట్ వీల్ వైపు పరుగెత్తారు. నేనూ ముప్ఫై ఒకటీ మాత్రం ఆవిడ కొంగు పట్టుకుని లక్నో వారి దుకాణంలోకి వెళ్ళాం. అక్కడ వేలాడుతున్న తెల్లని కుర్తా ఒకదాన్ని చూపించి, ఆవిడ “జరా ఉల్టా కర్‌కే దిఖావ్ భాయ్” అన్నారు. దుకాణదారు నవ్వి తిప్పి చూపించాడు. పనంతా అక్కడే ఉంది. బఖియా అనే ఆ కుట్టును పల్చని బట్టకు వెనక నుంచి కుడతారని, దారం వెనకే అల్లుకుపోగా ముందు వైపుకు దాని నీడ మాత్రమే ఆకులా, రెక్కలా తేలుతుందని ఆవిడ మా ఇద్దరికీ అక్కడే నిలబడి వివరించారు. కుర్తా ధర అడిగారు, కొనలేదు. బయటకు వచ్చాక మాకు చెరో మిర్చి బజ్జీ కొనిపెట్టారు.

ఇక బొంత. ఈ సంచికలో దాని గురించి ఇంకెవరూ రాయకపోయినా ఫరవాలేదు గానీ, నేను రాయకపోతే తప్పవుతుంది. పదో తరగతి ప్రదర్శనకు తలా ఒక చేతి రుమాలు కుట్టి పెట్టడం ఆనవాయితీ కాగా, ఆ ఏడు ఆవిడ తరగతి మొత్తం కలిసి ఒకే బొంత కుట్టాలని నిర్ణయించారు. మనం ముప్ఫై అయిదుగురం, ఆవిడతో ముప్ఫై ఆరు. ఒక్కొక్కరు ఇంటి నుంచి ఒక పాత గుడ్డ తేవాలి, తొమ్మిది అంగుళాల చదరం కత్తిరించాలి, నాలుగు పక్కలా అరంగుళం కుట్టులోకి పోగా ఎనిమిది అంగుళాలు మిగలాలి. అలా ఆరు వరుసలు, వరుసకు ఆరు ముక్కలు. నాన్నల చొక్కాలు వచ్చాయి, అమ్మమ్మల వెంకటగిరి చీరలు వచ్చాయి, నాలుగు తమ్ముడి స్కూలు నిక్కరు తెచ్చింది. పసుపు ముక్క గురించి రాయనని ఇరవై రెండుకు మాటిచ్చాను కనుక రాయను.

అర్ధ సంవత్సర పరీక్షలు ముగియగానే ఎనిమిది వాళ్ళ నాన్నగారికి విశాఖపట్నం బదిలీ అయింది. గుడ్డ ఇవ్వకుండానే వెళ్ళిపోయింది. ఆ ఖాళీలో తనది ఇంకో చదరం వేస్తానని రెండో నంబరు చేయెత్తింది గానీ టీచరు గారు ఒప్పుకోలేదు. తెల్లటి మల్లు గుడ్డ నుంచి ఒక చదరం కత్తిరించి, “ఇది దానిది. వచ్చినప్పుడు కుట్టుకుంటుంది” అన్నారు.

మూడో వరుస కలిపే పని నాకు అప్పగించారు. మిషను తొక్కడంలో నేను బాగా వేగం అని నాకు అప్పట్లో గర్వంగా ఉండేది. ప్రదర్శనకు రెండు రోజులుందనగా ఆరు వరుసలూ కలిపిన బొంతను ఆవిడ బల్ల మీద పరిచి, అలవాటు ప్రకారం తిరగేశారు. మిగిలిన వరుసల్లో నాలుగు ముక్కలు కలిసే మూలలన్నీ గళ్ళ కాగితంలా కూర్చున్నాయి. నా వరుస దగ్గర మాత్రం ఒక్కొక్క మూల పావు అంగుళం పక్కకు జరిగి ఉంది. ఒక వరుసలో కుట్టు అంచులను కుడి పక్కకు మడిచి ఇస్త్రీ చేస్తే, దాని కింది వరుసలో ఎడమకు మడవాలి. అప్పుడే రెండు కుట్లు ఒకదానికొకటి ఆనుకుని మూల సరిగ్గా కలుస్తుంది. తొందరలో నేను నా వరుసనూ పై వరుసలాగే కుడి పక్కకు మడిచేశాను. పైనుంచి చూసేవారికి ఆ తేడా ఆనేది కాదు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు, ఒక బ్లేడు నాకిచ్చి, ఒకటి తాను తీసుకున్నారు.

ప్రతి నాలుగో కుట్టునూ బ్లేడు కొసతో తెంచుకుంటూ పోయి, తర్వాత గుడ్డ తిప్పి అవతలి దారాన్ని లాగితే అది తెగకుండా పొడుగ్గా ఊడి వచ్చేస్తుందని, అలా చేస్తే గుడ్డకు గాయం కాదని ఆ సాయంత్రమే నేర్చుకున్నాను. నాకు ఏడుపు వస్తూనే ఉంది. వాచ్‌మన్ రెండుసార్లు వచ్చి తొంగిచూసి వెళ్ళాడు. చీకటి పడ్డాక ఆవిడ బొగ్గుల ఇస్త్రీ పెట్టెను తానే రాజేసి, నా వరుస కుట్లను ఎడమకు మడిచి వేలితో నొక్కి పట్టుకుంటే నేను ఇస్త్రీ చేశాను. మళ్ళీ కుట్టాక, మూల మీద బొటనవేలు ఆనించి చూడమన్నారు. ఎత్తుపల్లాలు తగలలేదు. ఆ స్పర్శ నాకు తర్వాతి జీవితంలో వచ్చిన ఏ పదోన్నతి ఉత్తర్వు కన్నా స్పష్టంగా గుర్తుంది. ఆ రాత్రి చిక్కడపల్లిలో మా ఇంటి గుమ్మం దాకా వచ్చి, మా అమ్మకు అప్పగించి మరీ వెళ్ళారు.

ఇంటర్, డిగ్రీ, ఖజానా శాఖలో జూనియర్ అకౌంటెంటు ఉద్యోగం, పెళ్ళి, ఇద్దరు పిల్లలు, నాలుగు జిల్లాల బదిలీలు దాటి, ఇప్పుడు సహాయ ఖజానా అధికారిగా మళ్ళీ ఈ ఊళ్ళోనే ఉన్నాను. ఆ ఏళ్ళ గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. మా అమ్మాయి వైద్య పట్టా పుచ్చుకున్న రోజున కట్టుకున్న చీర మీది జాకెట్టు నేను కుట్టినది. వేదిక మీద అది చేయెత్తి నమస్కరించినప్పుడు చంక దగ్గర ఒక్క ముడతైనా పడలేదని ఇక్కడ రాసుకోవడం నాకు సంతోషం.

బేకింగ్ నాకు మా అమ్మాయి మొదటి పుట్టినరోజుకు మొదలైంది. ఇంట్లో ఓవెన్ లేదు. ప్రెషర్ కుక్కర్‌లో రెండు అంగుళాల మందాన ఇసుక పోసి, గ్యాస్కెట్టు, వెయిటు తీసేసి, వేడెక్కాక కేకు గిన్నెను అందులో దించాను. పెరుగు పులుపు తగిలి వంటసోడా పిండిలో బుడగలు లేపుతున్నప్పుడు కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. తరువాత బేగంబజారులో కేకు రేకులు కొన్నాను, ఓవెన్ కొన్నాను. మెల్లగా ఉస్మానియా బిస్కట్ల మీద పడ్డాను. వెన్న, పొడి చేసిన చక్కెర, మైదా, కొంచెం కస్టర్డ్ పొడి, పాలపొడి, పాలలో నానబెట్టిన కుంకుమపువ్వు, అన్నిటికీ మించి ఆ చిటికెడు ఉప్పు. తీపి తర్వాత నాలుక చివర ఉప్పు తగలకపోతే అది ఉస్మానియా కాదు. పిండి ముద్దను అరగంట ఫ్రిజ్‌లో ఉంచకుండా వత్తితే బిస్కట్ ఓవెన్లో పరుచుకుపోతుందని తెలిసేసరికి నాలుగు ఆదివారాలు పట్టింది.

మొదటిసారి సరిగ్గా కుదిరిన బిస్కట్లను డబ్బాలో పెట్టి టీచరు గారింటికి పట్టుకెళ్ళాను. ఆవిడకు ఎనభై దాటాయి, చూపు తగ్గింది, చేతులు మాత్రం నిదానంగా, వణకకుండా ఉన్నాయి. ఒక బిస్కట్ తీసుకుని, నోట పెట్టుకోకముందే తిరగేసి, కిటికీ వెలుగుకు పట్టి చూశారు. అడుగు అంచుల్లో తేనె రంగులో, నడుమ కొంచెం లేతగా ఉంది. “మాడలేదు” అన్నారు. తర్వాతే తిన్నారు. రెండోది అడిగి తీసుకున్నారు. అప్పటి నుంచి ప్రతి నెలా మొదటి ఆదివారం నాకు ఎక్కడికి వెళ్ళాలన్న ఆలోచన లేకుండా పోయింది.

సెలవులు దొరికితే మావారూ నేనూ రైలెక్కుతాం. గుళ్ళూ కోటలూ ఆయన ఇష్టం, నాకు గుడ్డ దొరికే సందులు కావాలి. లక్నో చౌక్ వెనక ఇళ్ళలో, చెక్క అచ్చులతో నీలిరంగు పువ్వులు గుద్దిన పల్చటి బట్టను ఒడిలో పెట్టుకుని ఒకామె బఖియా కుడుతుంటే గంటసేపు గుమ్మంలో కూర్చున్నాను. కుట్టడం పూర్తయ్యాక ఆ నీలం ఉతుకులో పోతుందట. ఏ ఊరు వెళ్ళినా తొమ్మిది అంగుళాలకు సరిపడా గుడ్డ ఒకటి కొనుక్కుని వస్తాను. బీదరు, నరసాపురం, భుజ్, మైసూరు. మా ఇంటి బొంతలో ఇప్పటికి ఇరవై ఏడు చదరాలు చేరాయి.

అందులో ఒకటి పోచంపల్లిది. గంటన్నర దూరమే కనుక మొన్న టీచరు గారిని కూడా కారులో తీసుకువెళ్ళాను. నూలును పోగులుగా సాగదీసి, రంగు అంటకూడదన్న చోటల్లా సైకిల్ ట్యూబు పట్టీలతో బిగించి కట్టి, ముంచి, విప్పి, మళ్ళీ కట్టి మళ్ళీ ముంచుతున్నారు. ఒకప్పుడు ఇళ్ళలోని ఆడవారు చీరకు సరిపడా ఆసు పోయడానికి, అంటే నూలును మేకుల చుట్టూ వరసగా చుట్టడానికి, రోజంతా కొన్ని వేలసార్లు చేయి అటూ ఇటూ ఆడించేవారని, తల్లి భుజాల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారని, ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చిందని నేను చెబితే ఆవిడ తన భుజం తానే నిమురుకున్నారు. ఆ తర్వాత మగ్గం మీది గుడ్డ అంచు పట్టుకుని తిరగేశారు. నేయకముందే రంగు నూలులో ఇంకిపోయి ఉంటుంది కనుక రెండు వైపులా అదే ఎరుపు, అదే నలుపు. చాలాసేపు అటూ ఇటూ తిప్పి, “దీనికి వెనకే లేదమ్మా” అన్నారు. ఆవిడ ముఖంలో అంత సంతోషం నేను నుమాయిష్ రోజున కూడా చూడలేదు.

మన బొంత ఆవిడ దగ్గరే ఉంది. పదవీ విరమణ నాడు బడి వారు దాన్నే ఆవిడకు కప్పి పంపించారు. ఇప్పుడు చలికాలంలో కాళ్ళ మీద వేసుకుంటున్నారు. నాలుగు తమ్ముడి నిక్కరు ముక్క చెక్కుచెదరలేదు, పద్నాలుగు తెచ్చిన పట్టు చిరుగులు పట్టింది, పసుపు ముక్క అలాగే ఉంది. మూడో వరుసలో మూలలు ఇప్పటికీ కలిసే ఉన్నాయి. కలయిక రోజున ఆవిడను నేనే తీసుకువస్తున్నాను. బొంత కూడా తెస్తున్నాం.

విశాఖ నుంచి ఎనిమిది బయలుదేరుతోందని పదకొండు చెప్పింది. దయచేసి తనకు ఎవరైనా కబురు పెట్టండి, ఇంట్లో ఏ పాత గుడ్డయినా సరే, తొమ్మిది అంగుళాలకు ఒక దారం ఎక్కువే కత్తిరించి తెచ్చుకోమని. సూది, దారం నా సంచిలో ఉంటాయి.