సిగార్ చేదెక్కితే అది ఆకు చేసిందా, నేను చేసిందా? – నా అనుభవం

మాది గోదావరి లంకల పక్క ఊరు. మాకు పొగాకు అంటే ముందు పంట, తర్వాతే చుట్ట. వరద తీశాక మిగిలిన ఒండ్రులో నాట్లు, ఆకు ఎండబెట్టడం, మగ్గబెట్టడం, చుట్టకి పనికొచ్చే ఆకుని చేత్తో తడిమి వేరు చేయడం చూస్తూ పెరిగాను. ఉద్యోగం నన్ను తెచ్చి పడేసింది ఫ్లోరిడాలోని టాంపాలో. ఇదీ పొగాకు ఊరే. విసెంటె మార్టినెజ్ ఇబోర్ 1885లో ఇక్కడ నేల కొని కట్టించిన ఇబోర్ సిటీలో ఒకప్పుడు వేల మంది సిగార్లు చుట్టేవారు. వాళ్ళు పని చేస్తుంటే ఒకాయన ఎత్తయిన పీట మీద కూర్చుని పేపర్లూ నవలలూ చదివి వినిపించేవాడు, ఆయన జీతం కూలీలే తలా కొంత వేసుకుని ఇచ్చేవారు. 1931లో యజమానులు ఆ చదువు ఆపించేశారు. నాకు ఈ ఊరి మీద ప్రేమ పుట్టింది ఆ సంగతి తెలిశాకే.

అక్కడ ఒక చిన్న కొట్టులో బల్ల ముందు కూర్చుని సిగార్లు చుట్టే క్యూబా పెద్దాయన ఉన్నారు. సిగార్‌ని పరీక్షించి మార్కులు వేయడం నేర్చుకోవాలని అడిగితే ఒకే మాట చెప్పారు: "బాగుందా బాగోలేదా అన్నది చివర్లో. ముందు ఆకు చేసిన పనేదో, నీ నోరు చేసిన పనేదో విడదీసి రాయి." నా పరీక్ష అంతా ఈ మాట చుట్టూనే నడిచింది.

నేను ఎంచుకున్నది పడ్రోన్ 1964 యానివర్సరీ, ఎక్స్‌క్లూసివో సైజు. క్యూబా నుంచి వచ్చిన హోసె ఒర్లాండో పడ్రోన్ 1964లో మయామీలో కంపెనీ పెట్టారు, దాని ముప్పయ్యో ఏడు గుర్తుగా 1994లో ఈ వరస మొదలైంది. ఆకంతా నికరాగ్వాది, కనీసం నాలుగేళ్ళు నిల్వ చేసింది. పొడవు అయిదున్నర అంగుళాలు, మందం 50. అంటే అంగుళాన్ని 64 భాగాలు చేస్తే అందులో 50, దాదాపు 20 మిల్లీమీటర్లు. ఒకే రకంవి రెండు కొన్నాను, ఎందుకంటే ఒక్కదానితో తీర్పు చెప్పకూడదు. చేత్తో చుట్టింది ఏ రెండూ అచ్చం ఒకేలా ఉండవు. రెంటినీ దేవదారు పెట్టెలో 65 శాతం తేమ దగ్గర కొన్ని వారాలు ఉంచాను. టాంపా గాలిలో చెమ్మ ఎక్కువ, బయట వదిలేస్తే ఆకు ఉబ్బి సరిగా మండదు.

ముందు చూపు. పై ఆకు మీద ఈనెలు సన్నగా ఉన్నాయా, అతుకు కనిపిస్తోందా, నూనె మెరుపు ఉందా అని వెలుతురులో తిప్పి చూశాను. తర్వాత తల (నోట్లో పెట్టుకునే కొస) నుంచి పాదం (వెలిగించే కొస) దాకా వేళ్ళతో నెమ్మదిగా నొక్కుతూ వచ్చాను. మెత్తగా లొట్ట తగిలితే అక్కడ ఆకు తక్కువ, ఆ చోట వేడిగా మండుతుంది. రాయిలా గట్టిగా ఉంటే పొగ రాదు. ఇది ఈ చివర నుంచి ఆ చివరికి ఒకేలా ఉంది. తల మీద టోపీలా అతికించిన చిన్న ఆకుముక్కని మాత్రమే కోశాను. అది దాటి కిందకి కోస్తే పై ఆకు విచ్చుకుపోతుంది. వెలిగించకముందే ఒకసారి గాలి లాగి చూడాలి. ఎండుగడ్డి, కోకో పొడి, కొంచెం మిరియం. అమ్మోనియా వాసన లేదు. అది ఉందంటే ఆకు పూర్తిగా మగ్గలేదని అర్థం. మా ఊళ్ళోనూ పచ్చి ఆకుని ఆ ఘాటుతోనే పట్టేస్తారు.

పెట్రోలు లైటర్ వాడితే దాని కంపే రుచి అవుతుంది, కాబట్టి బ్యూటేన్. మంటని తగలనివ్వకుండా కింద పట్టుకుని, పాదం అంతా ఎర్రబడేదాకా తిప్పాను. ఆ తర్వాతే మొదటి దమ్ము.

సిగార్‌ని మూడు భాగాలుగా అనుకుని రాస్తారు. మొదటి భాగంలో మిరియం ముందుకొచ్చింది, ముక్కు గుండా కొంచెం పొగ వదిలితే ఇంకా బాగా తెలిసింది. ఊపిరితిత్తుల్లోకి పీల్చేది కాదిది, నోట్లో తిప్పి వదిలేదే. మిరియం వెనకే వేయించిన వేరుశనగ, దాని అడుగున చిక్కటి డికాషన్. నుసి బూడిద రంగులో గట్టిగా నిలిచింది. అంగుళం దాటాక మెల్లిగా తట్టి చూస్తే నిప్పు మొనదేరి ఉంది. మొక్క పైభాగాన ఎండ ఎక్కువ తిన్న ఆకుని లిహెరో అంటారు. అది బలమైనది, నిదానంగా మండుతుంది, అందుకే నడుమ పెడతారు. చుట్టూ ఆకు ముందు కాలిపోతుంది, నడుమది మొనలా మిగులుతుంది. చుట్టినవాడు ఆకుని ఎక్కడ పెట్టాలో అక్కడే పెట్టాడని ఆ మొన చెప్పేసింది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన క్షణం అదే.

రెండో భాగంలో పెద్దాయన మాటని పరీక్షకి పెట్టాను. అప్పటిదాకా నిమిషానికి ఒక దమ్ము లాగుతున్నవాణ్ణి, కావాలనే వరసగా గబగబా లాగాను. కోకో పోయింది, వేరుశనగ పోయింది. నాలుక చివర చురుక్కుమని, వెనకాల తారు లాంటి చేదు మిగిలింది. పొగ వేడెక్కింది, వేళ్ళ మధ్య సిగార్ కూడా మెత్తబడింది. కింద పెట్టి నాలుగైదు నిమిషాలు ముట్టుకోలేదు. మంచినీళ్ళు తాగి మళ్ళీ అందుకుంటే చేదు చాలావరకు తగ్గి, డికాషన్ వెనక్కి వచ్చింది. ఆకు అదే, చుట్టడం అదే, మారింది నా లాగుడు ఒక్కటే. "చివర్లో చేదెక్కింది" అంటూ మార్కులు కోసిన రాతలు చాలా చదివాను. ఎంత వేగంగా తాగారో వాటిలో ఒక్కరూ రాయరు. వేగం రాయకుండా చేదు గురించి రాస్తే అది సగం మాటే.

ఇక్కడ ఇంకో మాట చెప్పకుండా ముందుకి పోలేను. పొగ లోపలికి పీల్చకపోయినా సిగార్ నుంచి నికోటిన్ నోటి పొర గుండానే ఎక్కుతుంది. నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లకి సిగార్ పొగ కారణమవుతుందన్నది తేలిన సంగతి. శ్రీకాకుళం, విశాఖ వైపు నిప్పు కొసని నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ళ అంగిలికి ఆ జబ్బు రావడం మన డాక్టర్లు ఎప్పుడో గమనించి రాశారు. అందుకే ఇది రోజూ చేసే పని కాదు నాకు. తాగేరోజున కడుపునిండా తిన్నాకే కూర్చుంటాను. ఖాళీ కడుపుతో ఇంత బలమైన ఆకు తల తిప్పేస్తుంది, చెమటలు పట్టిస్తుంది.

మూడో భాగం బరువుగా నడిచింది. మిరియం మళ్ళీ పైకి తేలింది, చేదు ఉన్నా కాఫీ గింజని కొరికినప్పటి చేదే. వేళ్ళకి వేడి తగిలే దాకా లాగకుండా రెండంగుళాలు మిగలగానే ఆపేసి, దానంతటదే ఆరిపోనిచ్చాను.

కొన్నాళ్ళు ఆగి రెండోది వెలిగించాను, ఈసారి మొదటి నుంచి చివరిదాకా నిమిషానికి ఒక్క దమ్మే. నడిమి భాగంలో చేదు అసలు రాలేదు, కోకో చివరిదాకా నిలిచింది. అప్పుడు కాగితం మీద అంకెలు వేశాను. చుట్టిన తీరుకి పదికి పది, మండిన తీరుకి తొమ్మిది, పొగ వచ్చిన తీరుకి పది, రుచికి తొమ్మిది. నా ఇష్టానికి విడిగా ఎనిమిది ఇచ్చాను. నాకు ఇంకాస్త తీపి ఉన్న ఆకు నచ్చుతుంది, అది ఈ సిగార్ లోపం కాదు. కాగితం చూసి పెద్దాయన ఇష్టాన్ని వేరే గడిలో రాసినందుకు తలాడించారు. ఇదే సిగార్ మదూరోలో తీసుకోమన్నారు. ఎక్కువ కాలం, ఎక్కువ వేడిలో మగ్గబెట్టిన నల్లటి పై ఆకు అది. పై ఆకు మారితే ఎంత రుచి మారుతుందో ఈ కాగితం పక్కన పెట్టి చూడమన్నారు. మదూరోవి రెండు ఇప్పుడు పెట్టెలో ఉన్నాయి.