పలకల క్వారీలో ఈరోజు

జియాలజీ పిల్లల ఫీల్డ్ క్యాంపు కోసం పొద్దున ఆరున్నరకల్లా మార్కాపురం దగ్గర పలకల క్వారీలోకి దిగాం. ఎండ ముదిరితే ఆ రాయి మీద చెయ్యి పెట్టలేం, అందుకే టిఫిన్ పొట్లాలు కట్టించుకునే బయలుదేరాం. నిన్న చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్ చూశారుగా, గ్రానైట్ పేరుతో అమ్ముడయ్యే ఆ నల్లరాయి నిజానికి గాబ్రో జాతిదని, అందులో మెరిసే చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజమని పిల్లలు బస్సులో ఒకరికొకరు అప్పజెప్పుకుంటూనే ఉన్నారు. ఇవాళ్టి రాయిలో మెరుపేం లేదు. బూడిదరంగు పలక, అంతే.

పెద్ద సార్ స్ట్రైక్, డిప్, అంటే రాతి పొర ఏ దిక్కుకి సాగుతోందో, ఎంత వాలిందో కొలవమన్నారు. రాయి ఎటు పలకలుగా లేస్తోందో అటే వాలు కొలిచే క్లినోమీటర్ ఆనించి అందరూ చకచకా రాసేసుకున్నారు. అది పొర కాదు, క్లీవేజ్, అంటే రాయి చీలే వాటం. 100 కోట్ల ఏళ్ల కంటే ముందెప్పుడో నీళ్ల అడుగున పేరుకున్న బురద గట్టిపడి, తర్వాత ఒత్తిడికి నలిగినప్పుడు అందులోని సన్నటి ఖనిజపు రేకులన్నీ ఒకే వాటానికి సర్దుకున్నాయి, రాయి చీలేది ఆ వాటానికే. బురద పేరుకున్న అసలు పొర ఇంకో వాలులో ఉండొచ్చు. రెండూ ఒకటేననుకుంటే గీసిన మ్యాపులో మడతలు మాయమైపోతాయి. ఇదంతా చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. సార్ చెప్పలేదు. నేను నోరు తెరవబోతుంటే చేత్తో ఆగమన్నారు.

"పొర ఏదమ్మా?" అని మాత్రం అడిగి, ఒకమ్మాయి చేతికి నీళ్ల సీసా ఇచ్చి రాతి పక్కభాగం మీద పొయ్యమన్నారు. తడి పారేకొద్దీ లేత, ముదురు చారలు బయటపడ్డాయి, చీలిక గీతల్ని ఏటవాలుగా కోసుకుంటూ. ఆ పిల్ల వంగి, ఒక చార వెంట వేలు పెట్టి చివరిదాకా పోయి, "సార్, మేం కొలిచింది దీన్ని కాదు" అంది. ఇక ఎవరూ చెప్పక్కర్లేకుండానే అందరూ సీసాలు తీశారు.

ఉలితో పలకలు చీలుస్తున్న పెద్దాయన్ని సార్ పిలిచి, మా వాళ్లకి కాస్త చూపించమన్నారు. "ఇట్టా పెడితేనే చీలుద్ది సారూ, అట్టా కొడితే ముక్కలైపోద్ది" అంటూ ఆయన ఉలి ఆనించి రెండు దెబ్బలు వేస్తే అట్టముక్కలా లేచొచ్చింది పలక. ఆ కాసేపూ పాఠం ఆయనదే, సార్ పిల్లల వెనక నిలబడి విన్నారు. తెలిసినవాళ్లకి చోటివ్వడం కూడా పంతులు పనేనని నాకు గట్టి నమ్మకం.

ఫీల్డ్ క్యాంపంటే లెక్చరర్లకి విహారయాత్ర అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, కాలేజీల్లో కూడా. నాకు కోపం వస్తుంది. పిల్లలకంటే ముందొచ్చి క్వారీలో ఏ అంచు కూలేలా ఉందో చూసుకోవాలి, అనుమతి అడగాలి, ఆడపిల్లలకి బాత్రూం ఎక్కడుందో కనుక్కోవాలి, మధ్యాహ్నం ఎవరికైనా కళ్లు తిరిగితే నీడకి చేర్చాలి, వీటన్నిటి మధ్యా పాఠం నడవాలి.

రాత్రి కల్యాణమండపంలో భోజనాలయ్యాక నోట్‌బుక్కులు దిద్దాం. విలియం కింగ్ అనే జియాలజిస్టు కడప, కర్నూలు శిలల గురించి రాసిన 1872 నాటి నివేదికని మేం ఇప్పటికీ తిరగేస్తామంటే ఆయన రాతి దగ్గర చూసిందే రాశాడు కాబట్టని సార్ అంటారు, అందుకే రూముకొచ్చి అందంగా తిరగరాసిన పేజీలకి ఆయన మార్కులు వెయ్యరు. పొద్దున తీసుకున్న రీడింగులని కొట్టేయకుండా పక్కనే "క్లీవేజ్" అని రాసి, కింద పొరవి విడిగా వేసినవాళ్లకే ఎక్కువ వచ్చాయి. ముగ్గురివి ఇంకా కలిసిపోయే ఉన్నాయి. రేపు కంభం వైపు వెళ్లేటప్పుడు వాళ్లని నా గ్రూపులో వెయ్యమని అడిగాను, సార్ సరేనన్నారు.