మా పాత డబ్బా, కొత్త గేమూ

ఆదివారం. లేచేసరికే తమ్ముడు నా కుర్చీలో సెటిల్ అయిపోయి ఉన్నాడు, స్క్రీన్ మీద డూమ్: ది డార్క్ ఏజెస్ పేజీ తెరిచి పెట్టుకుని, "అన్నయ్యా ఇది మనదాంట్లో ఆడుద్దా?" అని. గుడ్ మార్నింగ్ లేదు ఏం లేదు. "మనదాంట్లో" అన్నప్పుడే అర్థమైపోయింది ఇవాళ నా కంప్యూటర్ నాకు దొరకదని.

మా డబ్బా జాతకం ఏంటంటే, ఇంటెల్ ఐ5 7500 ప్రాసెసర్, ఎన్‌విడియా జీటీఎక్స్ 1060 గ్రాఫిక్స్ కార్డు 6 జీబీది, 8 జీబీ ర్యామ్ అదీ ఒక్కటే స్టిక్, 60 హెర్ట్జ్ మానిటర్. కార్డు 2016లో వచ్చిన మోడల్, ప్రాసెసర్ 2017 మొదట్లోది. మధ్యలో ఒక సాటా ఎస్ఎస్‌డీ పెట్టా, అది తప్ప ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. రోజువారీ పనికి దాంతో నాకు ఏ ఇబ్బందీ లేదు, నిజం చెప్పాలంటే మర్చిపోయా కూడా అది పాతబడిందని.

డూమ్ సంగతి మాత్రం రెండు నిమిషాల్లో తేలిపోయింది. ఆడటానికి కనీసం ఏం ఉండాలో చెప్పే మినిమమ్ లైన్‌లోనే ఆర్‌టీఎక్స్ 2060 సూపర్ కార్డు అని రాసుంది. తమ్ముడు వెంటనే "సెట్టింగులు లో లెవెల్‌లో పెట్టి, రిజల్యూషన్ తగ్గించి ఆడుకుందాం" అన్నాడు, వాడికి ప్రతి జబ్బుకీ అదే మందు. కానీ ఇక్కడ విషయం స్పీడ్ కాదు. ఆ గేమ్‌లో వెలుతురు మొత్తం రే ట్రేసింగ్ మీదే, అంటే కాంతి కిరణాలు ఎటు పోతాయో లెక్కగట్టి గీసే పద్ధతి మీదే నడుస్తుంది, ఆఫ్ చేసుకునే స్విచ్ లేదు, ఆ లెక్కలు చేసే ప్రత్యేకమైన భాగం కార్డులో ఉండాలి, ఎన్‌విడియా కార్డుల్లో అది 2018లో ఆర్‌టీఎక్స్ 20 సిరీస్‌తో మొదలైంది. మనది అంతకు ముందుది. 2017లో అందరూ నోరెళ్ళబెట్టి చూసిన 1080 టీఐ ఉంది కదా, 11 జీబీ మెమరీతో, మామూలు గేముల్లో అది 2060ని ఈజీగా దాటేస్తుంది, అయినా ఇక్కడ దానికీ ఇదే సమాధానం. 2024 డిసెంబర్‌లో వచ్చిన ఇండియానా జోన్స్ గేమ్‌ది కూడా ఇదే కథ. కాబట్టి "ఆడుద్దా" అని అడిగితే ముందు చూడాల్సింది కార్డు ఎంత గట్టిది అని కాదు, గేమ్ అడిగే పని అసలు కార్డుకి వచ్చా రాదా అని. రాకపోతే సెట్టింగుల్లో ఎంత దొర్లినా ఉపయోగం లేదు.

వాడి మొహం మాడిపోయింది. కాసేపు ఫోన్ చూసుకుని మళ్ళీ వచ్చి "పోనీ సైబర్‌పంక్?" అన్నాడు. ఇది 2020 డిసెంబర్‌లో వచ్చిన గేమే కానీ 2023లో 2.0 అప్‌డేట్ తర్వాత దాని కొలతలు పెంచారు, ఇప్పుడు మినిమమ్ అంటే ఐ7 6700, జీటీఎక్స్ 1060 6 జీబీ, 12 జీబీ ర్యామ్, 70 జీబీ ఎస్ఎస్‌డీ. హార్డ్ డిస్క్ అనే మాటే తీసేశారు. కార్డు పేరు అచ్చం మనదే, ఇక చూడండి వాడి ఆనందం, పాస్ అయిపోయినట్టే గెంతాడు. నేను ప్రాసెసర్ లైన్ మీద వేలు పెట్టి చూపించా. "6700 కంటే 7500 పెద్దది కదా?" అన్నాడు. నంబర్ పెద్దదే, తరం కూడా ఒకటి కొత్తదే, కానీ 6700కి నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, మనదానికి నాలుగు కోర్లు, నాలుగే థ్రెడ్లు. కోర్ అంటే పనిచేసే చెయ్యి అనుకోండి, థ్రెడ్లు అంటే ఒకేసారి పట్టుకోగల పనులు. ఈ తేడా చిన్నదనుకున్నాడు వాడు. సాయంత్రానికి తెలిసింది ఎంతో.

ఇంకో సంగతి, ఆ మినిమమ్ అంటే ఏంటో వాళ్ళ టేబుల్‌లోనే రాశారు, 1080పీ రిజల్యూషన్, లో సెట్టింగ్స్, 30 ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకి 30 బొమ్మలు (ఫ్రేములు). చాలా గేములకి ఈ లైన్ ఉండదు, ఊరికే మినిమమ్ అని వదిలేస్తారు, అది 720పీలో 30ఓ, 1080పీలో 60ఓ మనం ఊహించుకోవాలి. రాసిన వాళ్ళకి దండం పెట్టాలి.

సరే కొన్నాం. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల షాపులో కొన్న 14 రోజుల్లోపు, ఆడిన టైమ్ రెండు గంటలు దాటకుండా ఉంటే రిఫండ్ అడగొచ్చు కాబట్టి ఇంతకంటే మంచి టెస్ట్ ఏదీ లేదని నా అభిప్రాయం. యూట్యూబ్‌లో ఎవరో 1060తో ఆడిన వీడియో చూస్తే వాడి వెనకాల ఏ ప్రాసెసర్ ఉందో, ఎంత ర్యామ్ ఉందో, డిస్క్రిప్షన్ దాకా పోతే గానీ తెలీదు. మన మెషీన్‌లో మన కళ్ళతో చూసుకోవడమే బెటర్. కాకపోతే గేమ్ తెరిచి ఉన్నంతసేపూ ఆ గడియారం తిరుగుతూనే ఉంటుంది, మెనూలో కూర్చున్నా సరే. అందుకే తమ్ముడికి ముందే చెప్పా, కథ మొదలెట్టకు, క్యారెక్టర్‌కి జుట్టు ఏ రంగు వెయ్యాలని అరగంట తినకు, ముందు సెట్టింగులు, తర్వాతే ఏదైనా. విన్నట్టు తలూపాడు.

డౌన్‌లోడ్ అవుతుంటే క్యాబినెట్ విప్పాం. లోపల చూస్తే కార్డు ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము దుప్పటి కప్పినట్టుంది, ప్రాసెసర్ హీట్‌సింక్ సందులు కనపడటమే లేదు. అమ్మ అటుగా వెళ్తూ "నాకు రోజూ ఇల్లు ఊడ్చమని చెప్తారు" అనేసి వెళ్ళింది, మేమెప్పుడూ చెప్పలేదు ఆ మాట. బ్రష్‌తో మెల్లగా దులిపాం, ఫ్యాన్ తిరక్కుండా వేలు అడ్డం పెట్టి. ఇది షోకు కోసం చేసిన పని కాదు, 1060 దాదాపు 83 డిగ్రీలకి చేరితే తనంతట తనే క్లాక్, అంటే వేగం తగ్గించుకుంటుంది, అంటే దుమ్ము పట్టిన కార్డు మొదటి పది నిమిషాలు ఒకలా ఆడి తర్వాత ఇంకోలా ఆడుతుంది, మనమేమో గేమ్‌ని తిట్టుకుంటాం.

చెల్లి పాత మెషీన్ మూలన పడి ఉంది కదా, దాంట్లోంచి 8 జీబీ స్టిక్ ఒకటి పీకాం. అదీ డీడీఆర్4 2400 కావడం మా అదృష్టం. రెండో స్లాట్‌లో పెడితే 16 జీబీ అయింది, దాంతో పాటు డ్యూయల్ చానల్ కూడా వచ్చింది, ఇది చాలామంది పట్టించుకోరు. ఒక్క స్టిక్ ఉంటే ప్రాసెసర్‌కి మెమరీ నుంచి సెకనుకి 19.2 జీబీ దాకా వస్తుంది, రెండు ఉంటే 38.4. మదర్‌బోర్డు మీద స్లాట్లు నాలుగుంటే పక్కపక్కన కాదు, ఒకటి వదిలి ఒకటి పెట్టాలి, బోర్డు పుస్తకంలో బొమ్మ ఉంటుంది. ఆన్ చేశాక టాస్క్ మేనేజర్‌లో 16 కనపడే వరకూ తమ్ముడు ఊపిరి బిగబట్టి నిల్చున్నాడు, పాపం.

మధ్యాహ్నం దాటాక గేమ్ తెరిచాం. మూలలో ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ చూపించే అంకెలు పెట్టుకున్నా, కార్డు ఎంత శాతం పనిచేస్తోంది, ప్రాసెసర్ ఎంత, ఎఫ్‌పీఎస్ ఎంత. గేమ్‌లోనే బెంచ్‌మార్క్, అంటే వేగం కొలిచే పరీక్ష ఉంది, లోలో పెట్టి నడిపితే సగటు 50 దాటింది. వాడు ఈల వేశాడు. నేను సగటు పక్కనున్న కనిష్ఠం అంకె చూస్తున్నా, అది 30కి కింద ఉంది. ఊళ్ళోకి దిగి నిర్మానుష్యంగా ఉన్న సందుల్లో నడిస్తే వెన్నలా ఉంది, జనం కిక్కిరిసిన బజారులోకి వెళ్ళగానే ప్రాసెసర్ నాలుగు థ్రెడ్లూ 100కి కొట్టుకుంటున్నాయి, కార్డు మాత్రం 60 శాతం దగ్గర ఖాళీగా ఉంది. ఇటుకలు అందించేవాడు ఒక్కడే అయితే మేస్త్రీ ఎంత చెయ్యి తిరిగినోడైనా గోడ మీద కూర్చోవాల్సిందే, అదీ పరిస్థితి.

తమ్ముడు మళ్ళీ పాత మందు తీశాడు, రిజల్యూషన్ తగ్గిద్దామని. ఈసారి వద్దనలేదు, ఎందుకంటే అది మంచి పరీక్ష. 1080పీ అంటే దాదాపు 20.7 లక్షల పిక్సెళ్ళు, 720పీ అంటే 9.2 లక్షలు, సగం కంటే తక్కువ. తగ్గించి అదే బజారులో నిల్చుంటే ఎఫ్‌పీఎస్ కదల్లేదు. కదల్లేదంటే దాని అర్థం అక్కడ ఆగిపోయింది కార్డు వల్ల కాదు అని, బొమ్మ గీసే పని సగం చేసినా లాభం లేదంటే గీయమని చెప్పేవాడే లేటు. ఈ ఒక్క పరీక్ష చేసుకోకుండా కొత్త కార్డు కొనుక్కుని ఏం మారలేదని ఏడ్చేవాళ్ళని చూశా నేను.

అప్పుడు గేమ్‌లో క్రౌడ్ డెన్సిటీ అని ఉంటుంది, అది తగ్గించాం. బజారులో జనం పల్చబడ్డారు, ఎఫ్‌పీఎస్ 30 పైన నిలబడింది. కార్డు ఖాళీగానే ఉంది కాబట్టి దాని మీద ఇంకాస్త బరువు పెట్టొచ్చు, టెక్స్చర్స్ (వస్తువుల పైన అతికించే బొమ్మలు) మీడియం చేశాం, కార్డు 6 జీబీలో పట్టినంతసేపు వాటికి పెద్ద ఖర్చు లేదు. పట్టకపోతే మాత్రం కార్డు మామూలు ర్యామ్ నుంచి తెచ్చుకోవాలి, సొంత మెమరీ సెకనుకి 192 జీబీ ఇచ్చే చోట ఆ దారి 16 కూడా దాటదు, కెమెరా తిప్పినప్పుడల్లా జర్క్ వస్తుంది. రిఫ్లెక్షన్లు, పొగమంచు, మబ్బులు, ఈ మూడూ కింద ఉంచాం, తినేదంతా అవే. ఎఫ్ఎస్ఆర్ క్వాలిటీ పెడితే లోపల 720పీలో గీసి 1080కి పెంచుతుంది, ఖాళీ రోడ్ల మీద అది బాగా పనికొచ్చింది, దూరంగా ఉన్న తీగలు, కంచెలు కాస్త మెరుస్తాయి అంతే. ఇలాంటిదే ఎన్‌విడియాది డీఎల్ఎస్ఎస్ అని ఉంది, అది మనకి లేదు, దానికి ఆర్‌టీఎక్స్ కావాలి.

"ఫ్రేమ్ జనరేషన్ పెట్టరాదూ, డబుల్ అయిపోద్ది" అని వాడి సలహా. అంకె డబుల్ అవుతుంది నిజమే. కానీ అది తనే తయారుచేసి మధ్యలో ఇరికించే ఫ్రేములకి మన మౌస్ సంగతి తెలీదు, అసలు ఫ్రేములు 30 ఉంటే చేతికి 30 లాగే తగులుతుంది, పైగా కొంచెం ఆలస్యం. కనీసం 60 దగ్గర ఉన్నవాడు పెట్టుకోవాల్సిన వస్తువు అది, లేనివాడికి కాదు.

తర్వాత మా ఇద్దరికీ అసలు గొడవ. నేను 30కి లాక్ చేస్తానన్నా, వాడు వదిలెయ్ 55 వస్తోంది కదా అంటాడు. వస్తోంది, కానీ ఎక్కడ? సందులో 55, బజారులో 33, కారెక్కితే 42. మానిటర్ 60 హెర్ట్జ్, ప్రతి 16.7 మిల్లీసెకన్లకి ఒకసారి బొమ్మ మారుస్తుంది. 30 అయితే ప్రతి ఫ్రేమూ సరిగ్గా రెండు సార్లు నిలబడుతుంది. 45 అయితే రెండు ఫ్రేములు ఒక్కోసారి, మూడోది రెండుసార్లు, కన్ను ఆ తేడా పట్టేస్తుంది, ఎఫ్‌పీఎస్ ఎక్కువే ఉన్నా ఏదో కుంటుతున్నట్టు ఉంటుంది. వాడికి ఈ లెక్క ఎక్కలేదు, "30 అంటే స్లైడ్ షో" అని ఒకటే మాట. చెప్పకుండా లాక్ చేసి కారు నడపమన్నా. కాసేపయ్యాక "ఇప్పుడేం మార్చావ్, స్మూత్ అయింది" అన్నాడు. అంకె చూపిస్తే ఒప్పుకోడు ఇప్పటికీ, కానీ లాక్ తియ్యమనీ అడగలేదు.

మొత్తానికి ఆడుద్దా అంటే ఆడుద్ది, జనం తక్కువున్న ఊళ్ళో, 30లో, మబ్బుల మీద ఆశలు పెట్టుకోకుండా. డాగ్‌టౌన్ అనే ప్రాంతం ఉన్న ఫాంటమ్ లిబర్టీ, అంటే ఈ గేమ్‌కే విడిగా కొనుక్కునే అదనపు భాగం, ఇంకా బరువంటారు, అది కొనే ఆలోచన నాకు లేదు.

నాకు నిజంగా బెంగ ఉన్నది వేరే చోట. ఈ 1060 తరానికి ఎన్‌విడియా కొత్త గేముల డ్రైవర్లు (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) 2025 అక్టోబర్‌తో ఆగిపోయాయి, ఇక 2028 అక్టోబర్ దాకా సెక్యూరిటీ అప్‌డేట్లే. విండోస్ 10 మామూలు సపోర్ట్ కూడా అదే నెల 14న అయిపోయింది, విండోస్ 11 ఏ ప్రాసెసర్లకి పనికొస్తుందో చెప్పే లిస్టులో ఇంటెల్ ఎనిమిదో తరం నుంచి ఉంది, మనది ఏడోది. నిన్నటిదాకా బాగా నడిచిన మెషీన్ ఒక్క నంబర్ తేడాతో గీతకి అవతల పడింది, వేగంతో సంబంధం లేదు. గేములకంటే ఇదే ముందు మూసుకుపోయే దారి అనిపిస్తోంది నాకు.

రాత్రి తమ్ముడు "అయితే కొత్త కార్డు ఒకటి వేసేద్దాం, డూమ్ కూడా అయిపోద్ది" అని మళ్ళీ మొదలెట్టాడు. వద్దన్నా. డూమ్ తెరుచుకుంటుందేమో గానీ ఈ నాలుగు థ్రెడ్ల వెనకాల ఆ కార్డు సగం రోజులు ఖాళీగానే కూర్చుంటుంది, బజారులో చూశాం కదా. అదే సాకెట్‌లో పట్టే ఐ7 7700 సెకండ్ హ్యాండ్‌ది దొరికితే ఎనిమిది థ్రెడ్లు వస్తాయి, కానీ అదీ ఏడో తరమే, విండోస్ గీతకి అవతలే ఉంటుంది, దాని మీద డబ్బు పెట్టడం నాకిష్టం లేదు. మార్చేటప్పుడు బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ కలిపి ముందు మారుస్తా, 1060 దాంట్లోకే వచ్చేస్తుంది, డబ్బు పోగయ్యాక కార్డు. వాడు ఎంతసేపు పడుతుందన్నాడు. సైబర్‌పంక్ పూర్తి చెయ్ ముందు అన్నా.