తనువున్ డస్సెన్

గజేంద్ర మోక్షం చదివేటప్పుడు మనలో చాలామంది ఒక పొరపాటు చేస్తాం. ‘లావొక్కింతయు లేదు’ పద్యంలో మొదటి రెండు పాదాలు గబగబా దాటేసి, ‘రావే యీశ్వర’ దగ్గరికి రాగానే గొంతు పెంచుతాం. కళ్ళు మూసుకునేదీ చేతులు జోడించేదీ అక్కడే. మొన్న ఒక పద్యాల పోటీలో ఒక పిల్లవాడు ఊపిరి తీసుకోకుండా పద్యమంతా చదివేసి చప్పట్లు కొట్టించుకున్నాడు. పిల్లవాడిని ఏమీ అనను. వేగాన్ని మెచ్చుకుని బహుమతి ఇచ్చిన పెద్దలను చూస్తేనే కష్టంగా అనిపించింది. అది ప్రాణం పోతున్నవాడి మాట. అంత తొందరగా ఎలా చదవగలం?

ఒక్కసారి నెమ్మదిగా చదవండి.

లావొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యెఁ బ్రాణంబులున్
ఠావుల్ దప్పెను మూర్ఛ వచ్చెఁ దనువున్ డస్సెన్ శ్రమంబయ్యెడిన్

ఇంకా పిలుపు మొదలు కాలేదు. గజేంద్రుడు తనను తాను చూసుకుంటున్నాడు. బలం ఒక్కింత కూడా లేదు. ధైర్యం చెదిరిపోయింది. ప్రాణాలు ఉండాల్సిన చోట లేవు. వైద్యుడు నాడి పట్టుకుని చూసినట్టు ఒక్కొక్కటీ చూసుకుని, ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాడు. అందులోనూ ‘తనువున్ డస్సెన్’ అనే మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. నేను అలిసిపోయాను అనలేదు పోతన గజేంద్రుడు, ఒళ్ళు అలిసింది అన్నాడు. ఆ మాట అనగలిగాడంటే అప్పటికే ఒంటికి ఒక అడుగు ఇవతలకి వచ్చి నిలబడ్డాడన్నమాట. మొసలి పట్టుకున్నది కాలునే. ఆ కాలును చూస్తున్నవాడు వేరే ఉన్నాడని అతనికి తెలిసిపోయింది.

ఒకసారి మా బంధువొకాయన ‘జంతువుకి నేను అనే ఎరుక ఎక్కడిది? అదంతా కవి కల్పన’ అని వాదించారు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. తర్వాత ఏనుగుల గురించి చదువుతుంటే దొరికింది.

2006లో బయటికొచ్చిన ఒక పరిశోధన కోసం న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూలో మూడు ఆసియా ఏనుగుల ముందు నిలువెత్తు అద్దం పెట్టి చూశారు. మొదట అద్దం వెనక ఏముందో వెతికాయి. తర్వాత వాటికి విషయం అర్థమైనట్టుంది, అద్దంలో తమను తాము చూసుకున్నాయి. ఒక ఏనుగు తొండం నోట్లో పెట్టుకుని చూసుకుంది, తన చెవిని తొండంతో పట్టుకుని మెల్లగా అద్దం వైపు లాగి చూసుకుంది. హ్యాపీ అనే ఏనుగుకు కంటి పైన తెల్లరంగుతో ఇంటూ గుర్తు గీశారు. తలకి రెండో వైపు కనపడని రంగు పూశారు, తాకిడి వల్లో వాసన వల్లో తెలిసిందని ఎవరూ అనకుండా. హ్యాపీ అద్దంలో చూసుకుని, తొండం ఎత్తి, తన తల మీది తెల్ల గుర్తునే మళ్ళీ మళ్ళీ తడిమింది. కనపడని రంగు జోలికి పోలేదు. గుర్తు పరీక్షలో మూడింట్లో నెగ్గింది ఇదొక్కటే. నా వరకు ఆ ఒక్కటీ చాలు.

దానికన్నా నా మనసుకు పట్టింది 2017లో బయటికొచ్చిన పరీక్ష. థాయ్‌లాండ్‌లో 12 ఏనుగులతో చేశారు. నేల మీద ఒక చాప, దానికి తాడుతో కట్టిన కర్ర. ఏనుగు చాప మీద నిలబడి ఆ కర్ర తీసి ఎదుటి మనిషికి అందించాలి. తాను చాప మీద ఉన్నంతసేపూ కర్ర అందదు. ఎంత లాగినా తన బరువే దాన్ని పట్టి ఉంచుతుంది. ఆ ఏనుగులు చాప దిగి, పక్కకి జరిగి, అప్పుడు కర్ర ఎత్తి ఇచ్చాయి. కర్రను చాపకు కట్టనప్పుడు మాత్రం చాలావరకు దిగలేదు, నిలబడ్డ చోటు నుంచే అందించాయి. అంటే అడ్డు ఎక్కడుందో వాటికి తెలుసు. తమ ఒళ్ళే అడ్డు.

ఇది చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా అన్నయ్యతో నాకు ఆరేళ్ళుగా మాటల్లేవు. ఆ ఆరేళ్ళూ రోజూ ఈ పద్యం చదువుకుంటూనే ఉన్నాను, ‘స్వామీ, వాడి మనసు మార్చు’ అని దణ్ణం పెట్టుకుంటూనే ఉన్నాను. చాప మీద నిలబడి కర్ర లాగుతున్నది నేనేనని ఒక్కనాడూ తోచలేదు. తెల్లవారాక ఫోన్ చేశాను. అన్నయ్య ‘ఏరా’ అన్నాడు. ఆ తర్వాత ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాం.

వ్యాసుడి సంస్కృత భాగవతంలో శుకమహర్షి కూడా ఈ వరుసే చెప్పాడు. ‘ఏవం వ్యవసితో బుద్ధ్యా’, ముందు బుద్ధితో నిశ్చయించుకున్నాడు. ‘సమాధాయ మనో హృది’, తర్వాత మనసును హృదయంలో నిలిపాడు. ఆ తర్వాతే ‘జజాప’, జపించాడు. పూర్వజన్మలో నేర్చుకున్న స్తోత్రం నాలుక మీదికి రావడం మూడో మెట్టు. మనం మాత్రం మూడో మెట్టు మీదే మొదలుపెడతాం. దయచేసి రేపు పూజలో కూర్చున్నప్పుడు మొదటి రెండు పాదాల దగ్గర ఆగండి. నా లావెంత, నా ధైర్యమెంత అని నిజంగా చూసుకోండి. ‘నీవే తప్ప’ అనే మాట అప్పుడు నోటికి దానంతటదే వస్తుంది.

ఇంకొక్కటి చెప్పాలి. కెన్యాలోని ఏనుగులు ఒకదాన్నొకటి పేరులాంటి ప్రత్యేకమైన కూతతో పిలుచుకుంటాయని 2024లో ఒక పరిశోధన చెప్పింది. తనను పిలిచిన కూత వినిపిస్తే ఆ ఏనుగు తొందరగా అటు కదులుతుందట. గజేంద్రుడు మాత్రం ‘ఎవ్వనిచే జనించు జగము’ అంటూ పేరు లేకుండా పిలిచాడు. విశ్వమయత లేక బ్రహ్మాదులు ఊరుకుండిపోతే, అన్నీ తానైనవాడు కదిలాడు. మడుగులో ఉన్నవాడికి ఆకాశంలో గరుత్మంతుడి మీద చక్రం పట్టుకుని వస్తున్న స్వామి కనిపించాడు. అప్పుడు గజేంద్రుడు తామరపువ్వు పట్టుకున్న తొండాన్ని పైకెత్తాడు. కృచ్ఛ్రాత్ అన్నాడు వ్యాసుడు, అతి కష్టం మీద మాట పెగిలింది. అంతసేపూ నోట రాని పేరు అప్పుడొచ్చింది: ‘నారాయణా, అఖిలగురో’.