ముందు గేరు బండా, ఆటోమేటిక్ బండా?

సంక్రాంతికి మా అక్క కొడుకు ఊరొచ్చి, తిరిగి వెళ్లేముందు "మావయ్యా, లారీ నేర్పు" అన్నాడు. ఇరవై నిండాయి, కారు లైసెన్సు తీసుకుని ఏడాది దాటింది, కాబట్టి రూలు ప్రకారం అడ్డేం లేదు. దాంతోపాటే ఇంకో మాటన్నాడు. "ఇప్పుడు అన్నీ ఆటోమేటిక్ వస్తున్నాయి కదా, ఈ క్లచ్చు తొక్కుడు ఎందుకు నేర్చుకోవాలి?"

ఐదేళ్ల క్రితమైతే తిట్టేవాణ్ణి. నేను క్లీనర్‌గా ఎక్కినప్పుడు స్టీరింగ్ ముట్టుకోనివ్వడానికే రెండేళ్లు పట్టింది. అప్పటిదాకా టైర్లు చూడటం, పట్టా కప్పి తాళ్లు బిగించడం, తెల్లారుజామున డ్రైవరు కునుకు తీయకుండా ఏదో ఒకటి వాగుతూ ఉండటం, ఇదే పని. ఆ పాత బండ్లలో గేరు దించాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కాలి, ఒకసారి తొక్కి న్యూట్రల్‌కి తెచ్చి, వదిలి, ఇంజనుకి కొంచెం రేజింగ్ ఇచ్చి, మళ్లీ తొక్కి కింది గేరు వేయాలి. లెక్క తప్పితే గేర్‌బాక్సు కరకరలాడేది, ఆ వెంటనే నా నెత్తిన మొట్టికాయ పడేది. అలా నేర్చుకున్నవాడికి ఆటోమేటిక్ అంటే చులకనే ఉంటుంది మరి.

అందుకే వాణ్ణి నా పది టైర్ల బండే ఎక్కించాను. ఖాళీ బండి, ఊరి బయట గ్రౌండు. తొమ్మిది గేర్లు, చిన్న గేర్ల వరస (లో) నుంచి పెద్ద గేర్ల వరస (హై) కి మార్చడానికి గేరు రాడ్ మీద చిన్న స్విచ్చు. నాలుగో రోజు గేరు చప్పుడు లేకుండా వేసి, పరీక్ష పాసైనవాడిలా నా వైపు తిరిగి నవ్వాడు, అదే క్షణంలో ఎడమ వెనక టైరు వెళ్లి కాలవ గట్టుకి ఒరుసుకుంది. ఆ నాలుగు రోజులూ వాడి కళ్లు రాడ్ మీదే ఉన్నాయి. అద్దంలోకి చూసింది లేదు. బండి తిరిగేటప్పుడు వెనక చక్రాలు లోపలికి కోసుకొస్తాయని పదిసార్లు చెప్పాను, వాడి బుర్రలో దానికి ఖాళీ ఉంటేగా.

నాకు తెలిసినాయనకి క్వారీలో ఆటోమేటిక్ టిప్పర్ ఉంది. ఆయన్ని బతిమాలి వారం రోజులు అక్కడే లోపల తిప్పించాను. మూడో రోజుకే రివర్స్‌లో రెండు అద్దాలూ చూసుకుంటూ పెట్టాడు. బ్రేకు ఎంత ముందు తొక్కాలి, బాడీ ఎంత వెడల్పు, మలుపులో ముందు ఎంత బయటికి తీసుకుంటే వెనక చక్రాలు దేనికీ ఒరుసుకోకుండా తిరుగుతాయి, అన్నీ చకచకా పట్టేశాడు. ఒప్పుకోవడానికి కొంచెం నామోషీగానే ఉంది కానీ, దొరికే అవకాశం ఉంటే మొదటి వారం పదిరోజులు ఆటోమేటిక్‌లోనే పెట్టాలి అని ఇప్పుడు నేనంటాను.

అక్కడితో ఆపేస్తే మాత్రం నేను ఒప్పుకోను.

ఒక కారణం పనికి సంబంధించింది. మన దగ్గర లారీలు చాలావరకు రెండు మూడు బండ్ల ఓనర్లవి, అందులో ఎన్నో సెకండ్ హ్యాండ్‌లో కొన్నవి. ఆటోనగర్‌లో నిలబడి "నాకు ఆటోమేటిక్ అయితేనే వస్తాను" అంటే టీ తాగించి పంపుతారు. అమెరికాలో ఆటోమేటిక్ ట్రక్కు మీద టెస్టు ఇచ్చినవాడి లైసెన్సు మీద ఒక కోడ్ వేస్తారు, అది ఉన్నన్నాళ్లు గేరు ట్రక్కు నడపకూడదు. మన హెవీ లైసెన్సు మీద అలాంటిదేం లేదు. ఆటోమేటిక్‌లోనే నేర్చుకున్న కుర్రాణ్ణి రేపు లోడుతో గేరు బండి ఎక్కించినా కాగితం ప్రకారం తప్పు కాదు, నా టెన్షన్ అంతా అక్కడే.

రెండోది ఘాట్. బెంగళూరు నుంచి వస్తూ పలమనేరు దాటాక మొగిలి దగ్గర దిగుడు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. పది టైర్ల బండి లోడుతో కలిపి రూలు ప్రకారం 28.5 టన్నుల దాకా ఉండొచ్చు, 2018కి ముందు ఈ పరిమితి 25 ఉండేది. అంత బరువుని ఒక్క బ్రేకులతోనే పట్టి ఉంచాలనుకుంటే డ్రమ్ములు కాలిపోయి లైనర్లు పట్టడం మానేస్తాయి, పదేపదే తొక్కుతుంటే బ్రేకుల్ని పనిచేయించే గాలి ట్యాంకులో ప్రెషరూ పడిపోతుంది. అందుకే దిగుడు మొదలవ్వకముందే చిన్న గేరులోకి వచ్చి, ఎగ్జాస్ట్ బ్రేక్ (ఇంజను పొగ దారిని మూసి ఇంజనుని బిగబట్టేది) వేసి ఇంజనుతోనే బండిని పట్టించాలి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దొర్లించే మహానుభావులు ఇంకా ఉన్నారు. న్యూట్రల్‌లో ఎగ్జాస్ట్ బ్రేక్ వేసినా చక్రాలకి దానితో సంబంధమే ఉండదు.

మావాడు ఊరుకుంటాడా, "తిరుమల కొండకి ఎలక్ట్రిక్ బస్సులు గేర్లే లేకుండా ఎక్కి దిగుతున్నాయి కదా" అన్నాడు. వాటిలో యాక్సిలరేటర్ వదిలితే మోటారే వెనక్కి పట్టుకుంటుంది. నీ డీజిల్ బండిలో ఆ పని ఇంజను చేయాలి, చేయాలంటే గేరు పడి ఉండాలి. ఆటోమేటిక్ లారీలో కూడా ఘాట్ దిగేటప్పుడు తెలిసిన డ్రైవరు రాడ్‌ని మాన్యువల్ మోడ్‌లో పెట్టి తను అనుకున్న గేరుని పట్టి ఉంచుతాడు. ఏ గేరు అని వాడికి ఎవరు చెప్పాలి? ఇంజను మొత్తుకోవడం చెవితో విని, చేత్తో గేరు దించుకున్నవాడికి అది తెలుస్తుంది.

ఇంకో మాట. ఆటోమేటిక్ లారీలంటున్నామే, వాటిలో చాలావాటికి లోపల ఉండేది మామూలు గేర్‌బాక్సూ మామూలు క్లచ్ ప్లేటే, మన కాలు చేసే పని గాలితో, కంప్యూటర్‌తో చేయిస్తారంతే. పెడల్ లేదు కదా అని ఎక్కుడు మీద ట్రాఫిక్‌లో యాక్సిలరేటర్ నొక్కుతూ బండిని నిలబెట్టుకుంటే ప్లేటు కాలిపోతుంది. క్వారీ ఆయన టిప్పర్‌కి అలాగే ఒకసారి కాలింది, బిల్లు చూపించి మరీ తిట్టాడు (నన్ను కాదు, వాళ్ల డ్రైవర్ని). ఓనర్‌గా చెప్పాలంటే మాత్రం ఆటోమేటిక్ మీద నాకు ఆశ ఉంది. నా దగ్గర ముగ్గురు డ్రైవర్లు, ఒకే రూటు, ఒకే లోడు, మూడు రకాల మైలేజీ; గేర్లు బండే చూసుకుంటే ఆ తేడా తగ్గుతుందని. ధర చూసే వెనక్కి తగ్గుతున్నా.

క్వారీ నుంచి వచ్చాక వాణ్ణి మళ్లీ నా గేరు బండే ఎక్కించాను. ఈసారి రాడ్ వైపు చూడటం తగ్గింది, నెల తిరిగేసరికి హై లో స్విచ్చు కూడా చెయ్యికి అలవాటైంది. లైసెన్సు చేతికొచ్చింది. వచ్చే వారం బెంగళూరు లోడు ఉంది, తిరుగు లోడుతో పలమనేరులో స్టీరింగ్ వాడికిచ్చి నేను పక్క సీట్లో కూర్చుంటాను. వాళ్లమ్మకి మాత్రం ఇంకా చెప్పలేదు.