లిస్టులో లేని పుస్తకం

ఏప్రిల్ 24న మొదలైన సెలవులు. జూన్ 12న బడి. పదో తారీఖు రాత్రి అన్నం తింటూ మా అమ్మాయి మెల్లగా చెప్పింది, "నాన్నా, మూడు పుస్తకాలు చదివి ఒక్కోదానికి పేజీ రాసుకెళ్లాలి" అని. ఏడో తరగతికి ఇచ్చిన లిస్టు. మూడూ ఇంగ్లిష్‌వే. ఒక్కటీ తెరవలేదు.

వాళ్లమ్మ కేకలు సరేసరి. పిల్ల మాత్రం అరగంటలో నెట్‌లో వెతికి మూడు పేజీలూ నింపేసింది, అదీ ముత్యాల్లాంటి రాతతో! తిట్టాలో మెచ్చుకోవాలో తెలియలేదు. చిన్నప్పుడు నేను గైడు చూసి రాసినవాణ్ణే కదా.

మర్నాడు ఊరికే శాఖా గ్రంథాలయానికి తీసుకెళ్లాను. ఫ్యాను కిందున్న బల్ల మీద పాత చందమామలు, ఏడాదికొకటిగా అట్టేసి కుట్టినవి. ముట్టుకుంటే అంచులు రాలుతున్నాయి, పేజీకో నీలం ముద్ర. బేతాళ కథ ఒకటి చూపించాను. తెలుగు కూడబలుక్కుంటూ మొదలుపెట్టింది. "శవంలోని బేతాళుడు ఎందుకు నవ్వుతాడు?" అని ఒకసారి, "ఈ రాజుకి బుద్ధి లేదా, మాట్లాడితే మళ్లీ చెట్టెక్కుతుందని తెలుసుగా" అని ఇంకోసారి. తర్వాత ప్రశ్నలు ఆగిపోయాయి. గంటన్నర గడిచింది. ఒక కథకి చివరి పేజీ లేకపోతే లైబ్రేరియన్ గారి దగ్గరికెళ్లి పోట్లాడింది కూడా.

ఇంటికొస్తూ బండి మీద వెనక నుంచి అడిగింది: "ఇది లిస్టులో లేదు కదా నాన్నా, రాస్తే మార్కులు వేస్తారా?"

సిగ్నల్ పడింది. బతికిపోయాను.