మనకెందుకు అనొద్దు, ఇది మనదీ

2020 మేలో అమెరికాలోని మినియాపొలిస్‌లో ఒక తెల్ల పోలీసు అధికారి జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడి మెడ మీద మోకాలు పెట్టి చంపాక, మా ఊరి నిరసనకు నేనూ వెళ్ళాను. ప్లకార్డుతో ఫొటో పెట్టగానే ఇక్కడి తెలుగు వాట్సాప్ గ్రూపులో గొడవ మొదలైంది. "మనకెందుకమ్మా? వాళ్ళ సంగతి నీకు తెలీదు." అమెరికా వచ్చిన కొత్తలో నాకు అన్నం పెట్టిన ఆంటీ కూడా, "గ్రీన్ కార్డు రాకముందే ఇవన్నీ అవసరమా?" అన్నారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. నల్లవాళ్ళు కనిపిస్తే కారు లాక్ చేయమని పిల్లలకు నేర్పడాన్ని మాత్రం ఒప్పుకోలేను.

గ్రూపులోనే రాశాను. 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ వలసదారుడి కేసులో, మనవాళ్ళు తెల్లవాళ్ళు కారు కాబట్టి పౌరసత్వం లేదని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. 1946 తర్వాత కూడా ఇండియా మొత్తానికి ఏడాదికి సుమారు 100 మందే వలస కోటా. ఆ తలుపులు తెరిచింది 1965 వలస చట్టం. నల్లజాతివాళ్ళ ఓటుకు రక్షణ ఇచ్చిన ఓటు హక్కు చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో పోలీసు కుక్కల్నీ, సెల్మాలో లాఠీల్నీ ఎదుర్కొన్న నల్లజాతివాళ్ళ పోరాటం లేకపోతే ఆ రోజులు వచ్చేవా? మన హెచ్‌1బీలు, ఇళ్ళు, ఉగాది సంబరాలు అన్నీ ఆ తర్వాతివే.

2017లో కాన్సస్‌లో మన తెలుగు ఇంజినీరు శ్రీనివాస్ కూచిభొట్లను "నా దేశం నుంచి పో" అంటూ కాల్చేసినప్పుడు మనమంతా న్యాయం అడిగాం. ఫ్లాయిడ్ కుటుంబం అడిగిందీ అదే.

కొందరు గ్రూపు వదిలేశారు. ఒకరిద్దరు విడిగా ఫోన్ చేసి, తమ పిల్లలూ ఇవే ప్రశ్నలు వేస్తున్నారన్నారు. ఆంటీ ఇప్పటికీ ఒప్పుకోరు. పండగలకు కలిసినప్పుడల్లా ఈ మాట వస్తుంది, నేను చెబుతూనే ఉంటాను.